బుద్ధిమంతురాలైన బాలింత

నరసరావుపేటలో నా ఆసుపత్రి బోర్డు మీద 'మానసిక వైద్య నిపుణురాలు' అని దూరానికి కూడా కనబడేంత పెద్ద అక్షరాలతో రాయించాను. వచ్చేవాళ్ళు మాత్రం నన్ను 'నరాల డాక్టరమ్మ' అనే అంటారు. వెల్దుర్తి నుంచి, బొల్లాపల్లి నుంచి బస్సెక్కి వచ్చినవాళ్ళు పక్కనున్న కళ్ళజోళ్ళ షాపు ముందు కాసేపు తచ్చాడి, తెలిసిన మొహం ఏదీ లేదని చూసుకుని, గబుక్కున నా గేట్లోకి దూరతారు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు నవ్వొస్తుంది. ఏ పేరు పెట్టుకుని వస్తేనేం, వస్తున్నారు కదా!

నాకు ఓపిక తక్కువ, గొంతు పెద్దది. దీన్ని దాచుకోవాలన్నా కుదరదు, వరండాలో కూర్చున్న వాళ్ళందరికీ వినబడుతూనే ఉంటుంది. ఇంకొకటి కూడా ఉంది. ఎదుటి మనిషి జబ్బేమిటో ఠక్కున తట్టిన క్షణంలో నాకు పట్టే హుషారు ఇంతా అంతా కాదు. ఆ సమయంలో ఇంకో సైకియాట్రిస్టు నన్ను చూస్తే ముందు నాకే మందు రాస్తాడు. అట్లాంటి హుషారు నా జన్మకంతా సరిపడా వచ్చిన రోజు గురించి చెప్తాను.

మిర్చి కోతల కాలం. సోమవారం కావడంతో వరండా కిటకిటలాడుతోంది. నకరికల్లు దగ్గర పల్లెటూరి నుంచి, తలపోటుకి ఎప్పటినుంచో నా దగ్గర మందు వాడుతున్న ఒకామె వచ్చింది. కూలి పనులకి పోయే మనిషి, గట్టిది, మాటకారి. ఆ రోజు మందుల చీటీకి బదులు బూందీ లడ్ల పొట్లం ముందుకి చాపింది.

"నోరు తీపి చేసుకోండి మేడమ్. అమ్మమ్మనయ్యా!"

"అబ్బో! ఎవరు పుట్టారు?"

"ఆడపిల్ల. అచ్చం తల్లి పోలికే."

"తల్లి పోలికా? అయితే నీ తలపోటు ఇక తగ్గదులే!"

ఇద్దరం పగలబడి నవ్వాం. ఎందుకంటే ఆ కూతురు నాకు బాగా తెలుసు. పెళ్ళికి ముందు ఒకసారి తల్లికి తోడుగా వచ్చి, కుర్చీలో కూర్చుని ఫోను మీద నుంచి కళ్ళెత్తకుండానే, "మా అమ్మ తలపోటు నా వల్లే మేడమ్. ఆ మందేదో నాకియ్యండి, ఆమెకి తగ్గిద్ది," అన్నది. పిల్ల కాదు, మిరపకాయ. పెళ్ళిచూపులకి వచ్చిన వాళ్ళని అదీ ఇదీ అడిగి ఉక్కిరిబిక్కిరి చేసిందని తల్లే వచ్చి నా దగ్గర మొత్తుకుంది. ఆ అడిగిన ప్రశ్నలకి జవాబులు చెప్పగలిగిన ఒక లారీ డ్రైవరునే చివరికి చేసుకుంది.

"ఇప్పుడు అది ఆ పిల్ల కాదు మేడమ్," అంది తల్లి, మొహమంతా వెలిగిపోతుండగా. "కాన్పయ్యాక ఎంత బుద్ధిమంతురాలైందో! ఇట్టాంటి బాలింతని మా వీధిలో ఎవురూ చూడలా. కూర్చోబెడితే కూర్చుంటది, పడుకోబెడితే పడుకుంటది. ఎదురు మాట లేదు. మంచినీళ్ళు కూడా అడగదు!"

బయటివాళ్ళకి ఇందులో పొగడ్త ఏముందో అర్థం కాకపోవచ్చు. మా వైపు ఇళ్ళలో బాలింత అంటే తలకి గుడ్డ కట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, తలుపులు మూసిన గదిలో కదలకుండా ఉండాలి. ఎక్కువ మాట్లాడకూడదు, గాలి తగలకూడదు, నీళ్ళు గొంతు తడుపుకునేంత మాత్రమే తాగాలి, వెల్లుల్లి కారంతో పథ్యం కూడు తినాలి. బాలింతకి నీళ్ళు తాగించండర్రా, పచ్చి బాలింత ఎండిపోతుందర్రా అని మొత్తుకుని మొత్తుకుని నా గొంతు పోయింది. పడుచుపిల్లలు ఈ కట్టుబాట్లకి విసుక్కుంటారు, దూది పీకి పారేస్తారు, దొంగచాటుగా చల్లటి నీళ్ళు తాగుతారు, తల్లులతో యుద్ధాలు చేస్తారు. యుద్ధం చెయ్యని బాలింత దొరికితే ఏ తల్లికైనా పండగే.

నేను లడ్డు కొరుకుతూ, మాటవరసకి అడిగాను. "ఫోనన్నా కాసేపు చూస్తుందా, లేకపోతే అదీ వద్దన్నావా?"

"అసలు ముట్టుకోలా మేడమ్! మంచం మీద పక్కనే ఉండిద్ది. మొగుడు ఫోన్ చేసినా అటు తిరిగి చూడదు."

నమలడం ఆపేశాను. ఆ పిల్ల? ఫోను చూడదా?

"కోప్పడుతుందా?"

"కోపమన్న మాటే లేదు."

"ఏడ్చిందా ఎప్పుడైనా?"

"మొదట్లో నాలుగు రోజులు నిద్రపోలా. పాపకేదో అయిద్దని ఊరికే లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. నన్ను కూడా పడుకోనియ్యలా. తర్వాత అదే కుదురుకుంది."

"పాప ఏడిస్తే ఎత్తుకుంటుందా?"

"నేనే తీసి రొమ్ము దగ్గర పెడతా. కదలకుండా ఉండిద్ది."

"అన్నం?"

"నోట్లో పెడితే నమిలేది. నిన్నటి నుంచి ముద్ద బుగ్గనే ఉంటంది. పథ్యం కూడు గదా, సయించట్లా."

 ఇక అడగాల్సింది ఒక్కటే మిగిలింది, అది ఎట్లా అడగాలా అని ఆలోచిస్తున్నాను. ఆ అవసరం లేకుండా ఆమే మురిసిపోతూ చెప్పింది.

"జాకెట్టు తొడిగేటప్పుడు చెయ్యి పైకెత్తుతానా, మళ్ళీ నేను దించిందాకా అట్టానే పెట్టుకుని ఉండిద్ది మేడమ్. ఎంత ఒద్దికో!"

నేను లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. సిస్టరు ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది.

ఈ జబ్బుని కాటటోనియా అంటారు. మనిషి మెలకువగానే ఉంటాడు, కళ్ళు తెరిచే ఉంటాయి, కానీ కదలడు, మాట్లాడడు, తినడు. చెయ్యి ఎత్తి వదిలితే అది గాల్లోనే నిలబడిపోతుంది. కాన్పు తర్వాత మనసు దెబ్బతిన్న కొందరిలో వస్తుంది. పట్టించుకోకపోతే నీళ్ళు లేక, కదలిక లేక ఒళ్ళు చెడి, ప్రాణమే పోతుంది. గుర్తుపడితే మాత్రం మా వైద్యంలో ఇంత త్వరగా మనిషిని వెనక్కి తెచ్చే మందు ఇంకో జబ్బుకి లేదు. అంటే ఆ పల్లెలో, తలుపులు మూసిన గదిలో, ఒక పిల్ల చావుకి దగ్గరవుతూ ఉంది, వీధి వీధంతా వచ్చి భేష్ అని మెచ్చుకుని పోతోంది!

"లెగమ్మా, మీ ఇంటికి పోదాం పద!" అన్నాను.

వరండాలో ఒక పెద్దాయన గయ్యిమన్నాడు. "ఏందమ్మా ఇది, మేం పొద్దున్నే వచ్చి కూర్చుంటే మీరు ఎటో పోతన్నారు?"

"మళ్ళీ వస్తా బాబాయ్! నీకు కోపం రావడం చానా మంచి లక్షణం, అట్లాగే ఉండు!" అంటూనే కారెక్కాను. మా డ్రైవరు భాయ్‌కి నా తీరు అలవాటే. ఎక్కడికని కూడా అడగకుండా బండి తీశాడు.

దారి పొడుగునా కల్లాల్లో ఎర్రగా మిర్చి ఆరబోసి ఉంది. అద్దాలు మూసినా ఘాటు ముక్కుకి తగులుతోంది. తల్లి నా పక్కన బిక్కచచ్చి కూర్చుంది. నేను జబ్బు సంగతి అంతా చెప్పాను.  చివరికి, "నా కూతురికి పిచ్చంటారా?" అని కిటికీ వైపు తిరిగింది. 

రేకుల ఇల్లు. గది తలుపు తియ్యగానే సాంబ్రాణి పొగ గుప్పుమని కొట్టింది. పక్కింటామె పాపని ఒళ్ళో పెట్టుకుని ఊపుతోంది, పాప గుక్క పట్టి ఏడుస్తోంది. నులక మంచం మీద గోడకి ఆనుకుని ఆ పిల్ల కూర్చుంది. తలకి గుడ్డ, చెవుల్లో దూది, పెదాలు పగిలి తెల్లగా పొక్కులు లేచాయి. పాప ఏడుపుకి పాలు కారి జాకెట్టు తడుస్తోంది. ఒంట్లో ఉన్న తల్లి పాప ఏడుపు వింటూనే ఉందన్నమాట! కళ్ళు మాత్రం ఎదుటి గోడనే చూస్తున్నాయి.

దూది పీకేసి, పేరు పెట్టి పిలిచాను. లేదు. గట్టిగా పిలిచాను. లేదు. కుడిచేతిని భుజం దాకా ఎత్తి మెల్లగా వదిలాను. అది అక్కడే ఉండిపోయింది. పుస్తకాల్లో నేను చదివింది, చదువుకునే రోజుల్లో పెద్దాసుపత్రిలో చూసింది, ఇప్పుడు నకరికల్లు పక్క పల్లెలో నా ఎదురుగా గాల్లో నిలబడి ఉంది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నాకు భయం కంటే సంతోషమే ఎక్కువైంది. దొరికావే పిల్లా, ఇక నిన్ను వదలను అనుకున్నాను.

"కార్లో పడుకోబెట్టుకుని పోదాం," అన్నాను.

అంతే, తల్లి మంచానికి అడ్డంగా నిలబడింది. "నెల కూడా నిండలా మేడమ్. గాలి తగిలిద్ది. ఇక్కడే ఏదన్నా సూదెయ్యండి. మీ ఆసుపత్రిలో చేర్చానంటే రేపు దాని అత్తగారోళ్ళు ఏమంటారు? పిచ్చిదాన్ని మాకు అంటగట్టారని అనరా? దాని కాపురం ఏం గాను?"

"కాపురం చెయ్యడానికి మనిషంటూ ఉండాలి కదమ్మా!" నా గొంతు పైకప్పు రేకులకి తగిలింది. "నీళ్ళు లేక రక్తం చిక్కబడుతుంది. ఇట్లాగే వదిలేస్తే చచ్చిపోతుంది. పిచ్చా, నరాలా, ఏ పేరు కావాలంటే ఆ పేరు పెట్టుకో, నాకు అభ్యంతరం లేదు. నువ్వు పక్కకి జరుగు ముందు!"

ఆమె జరగలేదు. నేను ఇంకా ఏవేవో అరిచేదాన్నే. ఇంతలో ఒక ఈగ వచ్చి ఆ పిల్ల పెదవి మీద వాలింది. పగిలిన చోట కాసేపు ఆగి, బుగ్గ మీదుగా పాక్కుంటూ పైకి పోయింది. కంటి మూలకి చేరి, తడి దగ్గర ఆగింది. రెప్ప పడలేదు. గాల్లో ఉన్న చెయ్యి దిగలేదు. తల్లి చూస్తోంది. నేనూ నోరు మూసుకుని చూస్తున్నాను. ఈగ కనుగుడ్డు అంచు మీదకి ఎక్కింది.

"ఒసేయ్!" అని తల్లి పెద్ద కేక వేసి, కొంగుతో ఈగని తోలేసి, కూతురి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఏమే! ఈగనన్నా తోలుకోవే! ఏమే, నన్ను తిట్టవే!" అని కుదిపేసింది. ఆ తర్వాత తలగుడ్డ లాగి అవతల పడేసి, నా వైపు తిరిగి, "కాళ్ళు పట్టండి మేడమ్," అంది. కాళ్ళు నేను, భుజాలు తను పట్టి మోసుకొచ్చాం. పాపని పక్కింటామె మా వెనకే తీసుకొచ్చి అమ్మమ్మ చేతికిచ్చింది.

ఊరు దాటుతుండగానే ఫోన్ల మీద ఫోన్లు చేశాను. మా వీధిలోనే ఉన్న జనరల్ ఫిజీషియన్ని సిద్ధంగా ఉండమన్నాను. కాన్పైన మనిషి బిగుసుకుపోయిందంటే మెదడులో రక్తం గడ్డకట్టిందేమో, జ్వరమేదైనా తలకెక్కిందేమో ముందు చూసుకోవాలి. నా హుషారు కోసం ఒక ప్రాణాన్ని పణంగా పెట్టలేను కదా! సెలైన్ ఎక్కించారు, రక్తపరీక్షలు చేయించారు, తలకి స్కాన్ తీయించారు. ఒంట్లో నీళ్ళు బాగా తగ్గాయి, మిగతావన్నీ బాగున్నాయి. "ఇక నీ ఇష్టం తల్లీ," అన్నాడు ఆయన. ఆ మాట కోసమే గుమ్మంలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

మందు లొరాజిపామ్. నిద్రకి, ఆందోళనకి రోజూ వాడే మామూలు మందే. సూదిలోకి తీసి, నరంలోకి మెల్లమెల్లగా ఎక్కించాను. సిస్టరు నాడి పట్టుకుని, ఊపిరి గమనిస్తూ నిలబడింది. తల్లి మంచం కాళ్ళ దగ్గర కింద కూర్చుని, కళ్ళు మూసుకుని, ఊళ్ళో ఉన్న దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలుస్తోంది.

కాసేపు ఏమీ లేదు. తర్వాత ఎడమచేతి చూపుడువేలు కదిలినట్టనిపించింది. నా భ్రమేమో అనుకున్నాను. "కదిలింది మేడమ్!" అంది సిస్టరు గుసగుసగా. రెప్ప పడింది. మళ్ళీ పడింది. మెడ తిరిగింది. కళ్ళు గోడ మీద నుంచి దిగి, వెతుక్కుంటూ వచ్చి, నా మొహం మీద ఆగాయి. పెదాలు విడదీయడానికి ఎంత కష్టపడిందో!

"అమ్మా... మంచినీళ్ళు."

ఆ గదిలో మేం పెట్టిన గోలకి వీధిలో వాళ్ళు తొంగిచూశారు. నేను ఎగిరి గంతేశానని సిస్టరు ఇప్పటికీ అందరికీ చెప్తుంది, అబద్ధమేమీ కాదు. తల్లి ఏడుస్తూ, నవ్వుతూ, అలవాటు కొద్దీ ఫ్లాస్కు మూతలో రెండు గుటకల వేడినీళ్ళు పోసింది. "గ్లాసు నిండా పొయ్యి! చెంబు నిండా పొయ్యి!" అని అరిచాను. కూర్చోబెట్టి, కొద్దికొద్దిగా తాగించాం. ఆ పిల్ల ఆయాసపడుతూ తాగి, తల్లి కొంగు పట్టుకుంది.

"అందరూ వచ్చి బుద్ధిమంతురాలు, బుద్ధిమంతురాలు అంటంటే," అంది, ఒక్కో మాట వెతుక్కుంటూ, "లోపల అరస్తానే ఉన్నానమ్మా. నీకు వినపడలా."

తల్లి ఇక ఆగలేకపోయింది. మంచం పట్టె మీద తల పెట్టేసి వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ కళ్ళు చెమర్చాయి, తుడుచుకోలేదు. ఏడుపొస్తే ఏడవమని పొద్దస్తమానం రోగులకి చెప్పేదాన్ని, నేను దాచుకుంటే ఏం బాగుంటుంది!

సాయంత్రానికి మళ్ళీ బిగుసుకుపోయింది. తల్లి హడలిపోయి నా చెయ్యి పట్టుకుంది. మందు పనితనం అయిపోతే అట్లాగే అవుతుంది, మళ్ళీ ఇస్తే మళ్ళీ వస్తుంది అని చెప్పాను, ఇచ్చాను, వచ్చింది. అట్లా మందు వేళలు పట్టుకుని, తప్పిపోకుండా ఇస్తూ, మనసు కుదుటపడే మాత్రలు కూడా మొదలుపెట్టాం. పాపకి పోతపాలు అలవాటు చేశాం. లారీ చెన్నై దారిలో వదిలేసి మొగుడు ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. తల్లి భయపడ్డ మాటలేవీ ఆ అబ్బాయి అనలేదు. "నన్ను గుర్తుపట్టిద్దా మేడమ్?" అని మాత్రం అడిగాడు. లోపలికి పోగానే, "గడ్డం ఏంది అట్టా పెంచావు?" అని ఆ పిల్ల అడిగింది. అబ్బాయి బయటికొచ్చి నాకు దండం పెట్టి, అటు నుంచి అటే మంగలిషాపుకి పోయాడు.

కొద్ది రోజుల్లోనే ఆ పిల్ల తింటోంది, నడుస్తోంది, మాట్లాడుతోంది. కానీ పాపని ఎత్తుకోదు. పక్కన పడుకోబెడితే చేతులు ఒళ్ళోకి ముడుచుకుని గోడవైపు జరుగుతుంది. తల్లి నా చెవిలో, "దీనికి బిడ్డ మీద ప్రేమ లేదేమో మేడమ్," అంది. నాకూ గుబులుగానే ఉంది. ఒళ్ళు కదిలించినంత సులువుగా మనసుని కదిలించే సూది నా దగ్గర లేదు.

ఒక పొద్దున ఆ పిల్ల పక్కన కూర్చుని, తల్లిని బయటికి పంపి, సూటిగా అడిగేశాను. "పాపంటే ఎందుకే భయం?"

చాలాసేపు గోళ్ళు చూసుకుంది. "మా అమ్మకి చెప్పరుగా?"

"చెప్పను."

"నేను కదిలితే పాప చచ్చిపోయిద్దని అనిపించింది మేడమ్. ఒక రాత్రి దాని ముక్కు దగ్గర వేలు పెడితే ఊపిరి అందలా. కదలకుండా ఉన్నా. అప్పుడు అందింది. నేను కదిలితే ఆగిపోయిద్ది, కదలకపోతే ఉండిద్ది. అందుకే నీళ్ళు కూడా అడగలా. నోరు మెదిపితే కూడా ఏమైద్దోనని."

 ఈ జబ్బు లక్షణాలు నిద్రలో లేపి అడిగినా వరసగా అప్పజెప్పగలను. కదలదు, మాట్లాడదు, తినదు. ఆ పిల్ల మాత్రం ఆ గదిలో దాహంతో పెదాలు పగిలిపోతూ, మొండిగా, ఒంటరిగా, కూతురిని బతికిస్తోంది! ప్రేమ లేదట!

"ఇప్పుడు అట్లా అనిపిస్తోందా?"

"తగ్గింది. పోలా."

"పాప పక్కనే ఉంది కదా. ఒక్క వేలు కదిలించు. నేనూ చూస్తుంటా."

చూపుడువేలు కదిలించింది. ఇద్దరం పాప పొట్ట వైపు చూశాం. చిన్న పొట్ట లేస్తోంది, దిగుతోంది. చెయ్యి కదిలించింది. పొట్ట లేస్తోంది, దిగుతోంది. ఆ చెయ్యి మెల్లగా పోయి పాప కాలికి తగిలింది. సరిగ్గా అప్పుడే పాప హాచ్ అని తుమ్మింది. ఆ పిల్ల ఎక్కడిదక్కడ ఆగిపోయింది.  మళ్ళీ బిగుసుకుపోతుందేమోనని నా ప్రాణాలు పైకి పోయాయి. పాప కళ్ళు తెరిచి, నోరంతా తెరిచి ఆవులించి, కాళ్ళు తపతపా కొట్టింది.

ఆ పిల్ల నా వైపు చూసింది, పాప వైపు చూసింది. ఒక్కసారిగా రెండు చేతులూ కిందికి పోనిచ్చి పాపని ఎత్తి గుండెకి అదుముకుంది. చెంపల మీద నీళ్ళు ధారగా కారుతుంటే, తలుపు వైపు తిరిగి పెద్దగా అరిచింది.

"అమ్మా! ఏందమ్మా, ఎక్కడ చచ్చావు? పిల్ల తడుపుకుంది, గుడ్డ తీసుకురా!"